ఎవరి చేతి ఆకు

"ఇంట్లో ఎవరు చేశారు ఈ పని? చెప్పరేం?"

చిన్నకొడుకు మళ్ళీ అరిచాడు. బస్సు కండక్టరు కాబట్టి అతను ఇంట్లో ఏం మాట్లాడినా వెనక సీటుదాకా వినిపించేలాగే మాట్లాడతాడు. ఇవాళ మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా ఉన్నాడు.

భోజనాల బల్ల మీద శాలువా పరిచి ఉంది. బూడిదరంగు ఊలు. కింది నుంచి పైదాకా ఆకులే ఆకులు, ఒక్కో ఆకు చుట్టూ గుచ్చినట్టు సన్నటి కన్నాలు. చిన్నకోడలు నెలల తరబడి కళ్ళు పొడుచుకుని అల్లింది. పైన నాలుగు వేళ్ళ వెడల్పు అల్లితే పని అయిపోయేది.

ఇప్పుడు దానికి సూది లేదు. పైవరస కుట్లన్నీ దిక్కులేకుండా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఒకచోట కుట్లు కిందికి జారిపోయి ఒక ఆకు ఆకంతా మాయమైంది. దాని చోట నిచ్చెనమెట్లలా అడ్డంగా ఊలుపోగులు మిగిలాయి.

చిన్నకోడలు బల్ల పక్కన నిలబడి ఏడుస్తోంది. ఏడవడం కూడా అందంగా ఏడుస్తుంది మహాతల్లి, అనుకుంది పెద్దకోడలు. ముక్కు ఎర్రబడదు. గొంతు బొంగురుపోదు. చూసేవాళ్ళకి ఓదార్చాలనే అనిపిస్తుంది.

అత్తగారు మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చుంది. నిన్న మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఆవిడ నల్లకళ్ళజోడు తీయడం లేదు. ఆ అద్దాల వెనక నుంచి ఎవరిని చూస్తోందో ఎవరికీ తెలియడం లేదు.

"అరిస్తే కుట్లు వెనక్కొస్తాయట్రా?" అంది ఆవిడ. "సాయంత్రం కొట్టావిడ వస్తానంది. ముందు దాని సంగతి చూడండి."

అసలు బాధంతా అక్కడే ఉంది. కొట్టావిడ అంటే బజారులో ఊలు కొట్టు నడిపే ఆవిడ. ఆ కొట్టు మేడ మీది గదిలో అత్తగారు ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళకి అల్లికలు నేర్పుతోంది. దుప్పట్లకి బియ్యపుగింజ అల్లిక, మఫ్లర్లకి జడ అల్లిక, శాలువాలకి ఆకు అల్లిక. ఊళ్ళో ఆవిడ చేతికింద నేర్చుకోని వాళ్ళు తక్కువ. ఇప్పుడు కళ్ళు మొరాయించాయి. ఆ గదిలో, ఆ కుర్చీలో, ఇక మీదట ఎవరు కూర్చోవాలో కొట్టావిడ సాయంత్రం వచ్చి శాలువా చూసి తేల్చేస్తుంది.

తేల్చడానికేముంది? చూపించేది చిన్నకోడలి శాలువా అయినప్పుడు కూర్చునేది చిన్నకోడలే. పెద్దకోడలి పని కూడా చూపించమని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

"నిన్న మధ్యాహ్నం అమ్మా, ఇదీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు," అన్నాడు చిన్నకొడుకు భార్య వైపు తల ఊపి, వేళ్ళు మడుస్తూ. "నేను డ్యూటీలో ఉన్నా. అన్నయ్య షాపులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది..."

"చెప్పు మరిదీ. ఆగిపోయావేం?" అంది పెద్దకోడలు. "ఇంట్లో ఉన్నది నేను. ఆ మాట నోరు తెరిచి అను."

"నేనేం అన్లేదు వదినా."

"అనడానికింకేం మిగిల్చావు? ఇక ఇంకో వేలు మడవక్కర్లేదు."

పెద్దకొడుకు ఇంతసేపూ కిటికీ దగ్గర నిలబడి చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కళ్ళజోళ్ళ షాపులో పని. ఇంట్లో గొడవ మొదలైతే చాలు, తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తాడు. ఎవరినీ నొప్పించడం చేతకాని మనిషి.

అతను కళ్ళజోడు పెట్టుకుని భార్య దగ్గరికి వచ్చాడు.

"నువ్వు దాన్ని ముట్టుకున్నావా?" అని అడిగాడు మెల్లగా. "ముట్టుకోలేదంటే ముట్టుకోలేదని చెప్పు. ఇంకెవరూ నిన్ను అడగరు. నేను చూసుకుంటాను."

పెద్దకోడలు అతని కళ్ళలోకి చూసింది.

"ముట్టుకోలేదు," అంది.

అది పచ్చి అబద్ధం.

నిజం ఏమిటంటే, నిన్న మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యీ కాగానే ఆమె వీధి తలుపు గడియ పెట్టి, చిన్నకోడలి సంచి తెచ్చి మంచం మీద పెట్టుకుంది. పాడుచెయ్యాలని కాదు. ఆ మాట ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెట్టి చెప్పగలదు. నేర్చుకోవాలని.

ఆకు అల్లిక అత్తగారి సొంతం. ఏ కుట్టు దగ్గర ఊలు చుట్టి కన్నం వదలాలి, ఏ రెండు కుట్లు కలిపి ఒకటి చెయ్యాలి, ఆకు నడుము దగ్గర ఎలా విప్పారాలి, కొసకి వచ్చేసరికి ఎలా ముడుచుకోవాలి, అదంతా ఆవిడ వేళ్ళలో ఉంది. మేడ మీది గదిలో కూడా అందరికీ చెప్పదు. పెద్దకోడలు ఈ ఇంటికి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. చిక్కులు విప్పింది, ఉండలు చుట్టింది, అంచులు కట్టింది, కొసలు దాచింది, నేర్చుకునేవాళ్ళు జార్చుకున్న కుట్లన్నీ ఎత్తి పెట్టింది. చూపించినప్పుడు నేర్చుకుందామని ఎదురుచూసింది. అత్తగారు చూపించలేదు.

నిన్నగాక మొన్న వచ్చిన చిన్నకోడలికి మాత్రం చూపించింది. పక్కన కూర్చోబెట్టుకుని, దాని వేళ్ళ మీద తన వేళ్ళు వేసి మరీ చూపించింది.

ఆ రోజు నుంచీ పెద్దకోడలికి తిన్నది ఒంటబట్టలేదు. కడుపు మండిపోయేది. ఆకులు ఒక్కొక్కటే పెరుగుతుంటే రోజూ పక్కనుంచి వెళ్తూ చూసేది, చూడనట్టు వెళ్ళేది. అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఇంటికి పెద్దకోడలు, చిన్నదాని ముందు చెయ్యి చాచి 'ఇదెలా అల్లుతారు' అని అడుగుతుందా?

అల్లిక ఎలా కట్టారో తెలియాలంటే విప్పి చూడాలి. అది ఆమెకి బాగా తెలిసిన విద్య. అంచు పక్కనున్న ఆకు పైకుట్లను మాత్రం సూది మీంచి జార్చింది. ఒక్కో వరసా కిందికి దిగుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది. ఎక్కడ కన్నం వచ్చింది, ఏ కుట్టు ఏ కుట్టు మీద వాలింది, అన్నీ వేళ్ళతో తడిమి పట్టుకుంది. ఆకు మొదలుదాకా దిగాక రెండు పొట్టి సూదులు తీసుకుని మళ్ళీ కింది నుంచి పైకి అల్లుకుంటూ వచ్చింది. ఊలు కాస్త మిగిలితే అంచు కుట్లలోకి లాగి సర్దేసింది.

ఆకు వచ్చేసింది. ఆమె సొంత ఆకు. ఏళ్ళ తరబడి తనకి దక్కని విద్య ఒక్క మధ్యాహ్నంలో ఆమె ఒళ్ళో పడింది. సంతోషం పట్టలేక పెద్దకోడలు ఆ గదిలో ఒక్కతే కూర్చుని గట్టిగా నవ్వింది కూడా.

అక్కడితో ఆపితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఏదో గుడ్డిగా కుదిరిందేమో అని అనుమానం వచ్చింది. ఇంకొకటి అల్లితే గానీ నమ్మకం కుదరదనిపించింది. మధ్యలోని ఆకు విప్పింది. అది మొదలుదాకా దిగిందో లేదో, బయట గేటు చప్పుడైంది. కంగారులో శాలువాని సంచిలో కుక్కింది. కుక్కుతున్నప్పుడే పెద్దసూది జారి బయటికి వచ్చేసింది.

ఈ మాట చెప్పేస్తే సరిపోతుంది. కుళ్ళుతో చెయ్యలేదు, నేర్చుకోవాలని చేశాను అని. అందరూ అర్థం చేసుకుంటారు కూడా. కానీ ఆ అర్థం చేసుకోవడమే ఆమెకి అక్కర్లేదు. 'పాపం, పెద్దదానికి రాదు, దొంగచాటుగా నేర్చుకుంది' అని జాలిపడతారు. జాలిపడటం కన్నా రాక్షసి అనుకోవడమే నయం.

"ముట్టుకోలేదంది కదా," అన్నాడు పెద్దకొడుకు తమ్ముడితో. "ఇక ఆ మాట వదిలెయ్."

"మరి సూది దానంతటదే నడిచి వెళ్ళిందా?"

"వదిలెయ్యండి," అంది చిన్నకోడలు ఉన్నట్టుండి. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే. మొన్న అల్లి పక్కన పెట్టినప్పుడు కుట్లు జారకుండా సూది చివర పెట్టే బిరడా పెట్టలేదు. సంచిలో కదిలి జారిపోయుంటుంది. ఎవరూ చెయ్యలేదు."

గది ఒక్కసారిగా చల్లబడింది. అత్తగారు చెయ్యి చాచి గాల్లో తడిమింది. చిన్నకోడలు వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"తప్పు ఒప్పుకోవడానికి కూడా గుండె కావాలి చిట్టితల్లీ," అంది ఆవిడ.

పెద్దకోడలికి పుండు మీద కారం చల్లినట్టయింది. చిట్టితల్లి! ఇన్నేళ్ళలో తనని ఏనాడూ తల్లీ అనలేదు. పెద్దమ్మాయ్ అనే పిలుపు తప్ప ఇంకోటి లేదు. ఏ బిరడా పెట్టిందో, ఎంత గట్టిగా పెట్టిందో పెద్దకోడలికి బాగా తెలుసు. నిన్న దాన్ని తన చేత్తో తీసింది.

*

వంటింట్లో చిన్నకోడలు గ్లాసులు కడుగుతుంటే పెద్దకోడలు వెనకనుంచి వచ్చి కుళాయి కట్టేసింది.

"బిరడా పెట్టే ఉంది. ఎందుకు అబద్ధం చెప్పావు?"

చిన్నకోడలు తిరగలేదు. "పెట్టే ఉందని మీకెలా తెలుసక్కా?"

పెద్దకోడలు కట్టేసిన కుళాయినే మళ్ళీ బిగించింది.

"నువ్వు బిరడా పెట్టకుండా ఏనాడూ లేవవు. ఇంట్లో అందరికీ తెలుసు," అంది చివరికి.

"అందరికీ తెలీదు. ఆ మాటకొస్తే మా ఆయనకి సూదికి బిరడా ఉంటుందనే తెలీదు." చిన్నకోడలు గ్లాసు బోర్లించింది. "మీరు చేశారని నేను అన్నానా? అన్లేదు. అనను కూడా. ఇంట్లో రచ్చ నాకిష్టం లేదు."

"నన్ను కాపాడావన్నమాట."

"అలా ఎందుకంటారు?"

"ఎలా అనమంటావు? అందరి ముందూ నువ్వు దేవతవైపోయావు. నేనేమో నోరు మూసుకుని నీ దయ మీద బతకాలి. నిన్నెవరడిగారు దయ చూపించమని?"

చిన్నకోడలు తడిచేతులు అలాగే పట్టుకుని ఇప్పుడు తిరిగింది. ముక్కు కాస్త ఎర్రబడింది.

"మీకేం తక్కువక్కా? పాలు పొంగినా, మందుబిళ్ళ కనబడకపోయినా, ఎవరొచ్చినా, ఎవరు పోయినా 'పెద్దమ్మాయిని అడుగు' అంటారు అత్తయ్య. నేను ఏ పని ముట్టుకున్నా 'ఆగు, పెద్దమ్మాయి చేస్తుందిలే' అంటారు. ఈ ఇంట్లో నాదని చెప్పుకోడానికి ఆ ఆకులు తప్ప ఏం లేవు. అవి కూడా మీకు కావాలా?"

"కావాలి," అనబోయి ఆగింది పెద్దకోడలు.

"కుళాయి విప్పు. గ్లాసుల మీద సబ్బు ఆరిపోతోంది," అని బయటికి వచ్చేసింది.

*

భోజనాలయ్యాక అత్తగారు ఇద్దరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

"పెద్దమ్మాయ్, నువ్వు కుట్లెత్తు. చిట్టితల్లీ, తర్వాత నువ్వు ఆకు అల్లు."

ఎప్పుడూ ఇంతే. జారిన కుట్లెత్తడం పెద్దకోడలి వంతు. ఎత్తాక అల్లి మెప్పు పొందడం ఇంకొకరి వంతు. ఒళ్ళు మండినా, పనిలో ఆమె చెయ్యి వణకదు. ఒక్కో కుట్టు నోరూ మెలిక పడకుండా సూది మీదికి ఎక్కించింది. వరసంతా ఎక్కాక శాలువాని చిన్నకోడలి ఒళ్ళోకి తోసింది.

"ఇదిగో, నీ సామ్రాజ్యం."

అత్తగారు వింది. విననట్టు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

మధ్యలో జారిపోయిన ఆకుని పొట్టి సూదులతో మొదలునుంచి పైకి తేవాలి. చిన్నకోడలికి అలా అల్లడం కొత్త. మామూలుగా అల్లితే వచ్చే ఆకు, నిచ్చెనపోగుల్లోంచి పైకి తెమ్మంటే తికమకపెట్టింది. అత్తగారు జ్ఞాపకం నుంచి చెబుతోంది. చిన్నకోడలు తడబడుతోంది. పెద్దకోడలు చేతులు కట్టుకుని, గోడ మీది మరకని చూస్తూ కూర్చుంది. చూపు మాత్రం అస్తమానం సూదుల మీదికే పోతోంది.

ఆకు నడుము దాటాక చిన్నకోడలు రెండు కుట్లు కలిపింది. తప్పు కలిపింది. కుడికి వాల్చింది.

పెద్దకోడలు పెదవి కొరుక్కుంది. నాకెందుకు, అనుకుంది. వంకర ఆకు వస్తే రానీ. సాయంత్రం కొట్టావిడే చూస్తుంది. తర్వాతి వరస కూడా కుడికే వాలింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"అటు కాదు! ఎడమకి. మొదటి కుట్టు అల్లకుండా జార్చి, రెండోది అల్లాక దాని మీంచి దాటించాలి."

చిన్నకోడలి సూదులు ఆగిపోయాయి.

నల్లకళ్ళజోడు ఇటు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"పక్కనే ఇన్ని ఆకులున్నాయిగా. చూసి చెప్పాను. కళ్ళున్నాయిగా నాకు."

అన్నాక నాలుక కరుచుకుంది. కళ్ళు పోతున్న మనిషి ముందు అనాల్సిన మాట కాదు. అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి సర్దుకుంది. చిన్నకోడలు తప్పు వరసలు విప్పి ఎడమకి వాల్చింది. ఆకు సరిగ్గా కూర్చుంది.

"అత్తయ్యా, ఒక్కటడుగుతాను," అంది పెద్దకోడలు. "ఇన్నేళ్ళలో ఇది నాకెందుకు నేర్పలేదు?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడిగితేనే నేర్పాలా? నేను మీ పక్కనే కూర్చున్నాను కదా. ఉండలు చుడుతూ."

"అడగని వాళ్ళకి నేర్పడం నాకు చేతకాదు. ఇది వచ్చిన వారంలోనే వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుని అడిగింది." అత్తగారు ఊలు ఉండని ఒళ్ళోకి తీసుకుంది. "అదొక్కటే కాదు. చెబితే బాధపడతావని చెప్పలేదు. నీది గట్టి చెయ్యి పెద్దమ్మాయ్. ఊలుని బిగించి పట్టుకుంటావు. అంచులకి అలాంటి చెయ్యే కావాలి. నీ అంచు లాంటి అంచు నేను కూడా కట్టలేను. ఆకుకి మాత్రం చెయ్యి వదులుండాలి. నీ చేతిలో ఆకుకి ఊపిరాడదు."

"అల్లనివ్వకుండానే ఎలా చెప్తారు?"

"ఇన్నాళ్ళు నేర్పినదాన్ని. చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది."

పెద్దకోడలు లేచి నిలబడింది. అంచున ఉన్న ఆకు చూపించి 'ఇదిగో ఊపిరి, చూడండి' అని అరవాలనిపించింది. ఉదయం మొగుడి కళ్ళలోకి చూసి చెప్పిన మాట గుర్తొచ్చింది. మింగలేక కక్కలేక పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలు తీసి మడతపెట్టింది.

*

కొట్టావిడ రావడంతోనే ఇల్లంతా నిండిపోయింది. భారీ మనిషి, పెద్ద గొంతు, గొలుసుకి కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్ళజోడు. కాఫీ ఇచ్చిన పెద్దకోడలిని "బాగున్నావా అమ్మాయ్" అని పలకరించి, జవాబు వినకుండా శాలువా అందుకుంది. పలకరించినంత మాత్రం చాలన్నట్టు పెద్దకోడలు గుమ్మం పక్కకి జరిగింది. అన్నదమ్ములిద్దరూ కూడా ఇంటికి చేరారు. చిన్నకొడుకు భార్య వెనక నిలబడి, శాలువా తనే అల్లినంత గర్వంగా ఉన్నాడు.

కొట్టావిడ కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూసింది. కింది నుంచి మొదలుపెట్టింది. "బాగుంది... ఊఁ... బాగుంది." వేలు ఆకు మీంచి ఆకు మీదికి దాటుతోంది. మధ్యలో ఆకు దగ్గర ఆగుతుందేమోనని చిన్నకోడలు మెడ చాచి చూసింది. ఆగలేదు. దాటిపోయింది.

అంచు దగ్గరికి వచ్చి ఆగింది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ ఒక్క ఆకునీ వేళ్ళ మధ్య పట్టుకుని, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూసింది.

"ఇదెవరు అల్లారు?"

"అన్నీ నేనేనండీ," అంటూ చిన్నకోడలు నవ్వుతూ వంగింది. వంగి చూసింది. నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా పోయింది.

"మిగతావన్నీ అందంగానే ఉన్నాయి. పడుకున్నట్టున్నాయి అంతే," అంది కొట్టావిడ. "ఇది నిలబడింది. ఈనె చూడండి, గీత గీసినట్టు లేదూ? మీ పాత శాలువాల్లో కూడా ఇలాంటి ఆకు నేను చూళ్ళేదు పెద్దమ్మగారూ. ఇది ఎవరి చేతిదో చెప్పండి. నాకు కావలసిన మనిషి ఆమే."

పెద్దకోడలు గుమ్మం పట్టుకుంది. కావలసిన మనిషి! ఆ మాట కోసం ఎన్ని ఉండలు చుట్టింది, ఎన్ని కొసలు దాచింది! ఇప్పుడు నోరు విప్పితే ఆ మాట తనది. కానీ విప్పితే ఉదయం చెప్పిన మాట అబద్ధమవుతుంది. మొగుడు పక్కనే ఉన్నాడు. కళ్ళజోడు తుడవడం లేదు. నేరుగా ఆమెనే చూస్తున్నాడు.

"ఇటు తెండి," అంది అత్తగారు.

శాలువా ఆవిడ ఒళ్ళోకి వెళ్ళింది. ఆవిడ వేళ్ళు అంచు వెంట పాకి ఆ ఆకు మీద ఆగాయి. చుట్టూ తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. పెద్దకోడలు ఆ వేళ్ళని తప్ప ఇంకేమీ చూడలేకపోయింది.

"చిట్టితల్లి చెయ్యి కాదిది," అంది ఆవిడ చివరికి. "నాది ఎలాగూ కాదు."

నల్లకళ్ళజోడు మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

"ఇది నీకెవరు నేర్పారు పెద్దమ్మాయ్?"

పెద్దకోడలు నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు చిన్నకోడలి గొంతు వినిపించింది.

"నేనే నేర్పానత్తయ్యా. మొన్న మీరు పడుకున్నప్పుడు. అక్కయ్య సరదాగా ఒకటి అల్లింది. మీకు తర్వాత చూపిద్దామనుకున్నాం."

చెబుతూ పెద్దకోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, భయం ఉంది, ఊరుకోమని బతిమాలడం కూడా ఉంది.

"అదీ సంగతి!" కొట్టావిడ చప్పట్లు కొట్టింది. "అల్లడమే కాదు, నేర్పడం కూడా వచ్చన్నమాట! అదీ ఇంత బాగా! మేడ మీది గదికి ఇంకేం కావాలండీ? పెద్దమ్మగారూ, ఇక తిరుగులేదు. మీ చిన్నకోడలే."

చిన్నకొడుకు పళ్ళికిలించాడు. పెద్దకొడుకు గట్టిగా ఊపిరి వదిలి కళ్ళజోడు తీశాడు. అతని ముఖంలో బరువు దిగిపోయింది. భార్య మొన్న సరదాకి అల్లిందే గానీ, నిన్న పాడుచెయ్యలేదు. ఇంట్లో గొడవ లేదు. అందరూ మంచివాళ్ళే.

పెద్దకోడలు తల ఊపితే చాలు. నిన్నటి సంగతి బయటికి రాదు, మొగుడి నమ్మకం నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. ఆకు మాత్రం పోతుంది. తన సొంతమని చెప్పుకోదగ్గది ఒక్కటంటే ఒక్క ఆకు. అది కూడా చిన్నకోడలు నేర్పగా వచ్చినదైపోతుంది. దయతో మొదట నోరు కట్టేసింది, ఇప్పుడు దయతోనే చెయ్యి కూడా నరికేస్తోంది.

ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"అబద్ధం," అంది.

కొట్టావిడ చప్పట్లు ఆగిపోయాయి.

"అక్కా, వద్దు," అంది చిన్నకోడలు.

"నువ్వు నోర్ముయ్. నాకెవరూ నేర్పలేదు. ఇదీ నేర్పలేదు, మీరూ నేర్పలేదు." మొగుడి వైపు చూడకుండా, అత్తగారి ఒళ్ళోని ఆకునే చూస్తూ చెప్పింది. "నిన్న మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని, దాని శాలువా విప్పి నేర్చుకున్నాను. సూది పోయింది కూడా నా చేతుల్లోనే. ఆ ఆకు నాది."

పెద్దకొడుకు చేతిలోని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు. చిన్నకోడలు ముఖం తిప్పుకుంది.

అత్తగారు నల్లకళ్ళజోడు తీసేసింది. డాక్టరు తీయొద్దన్న కళ్ళజోడు. ఎర్రబడ్డ కళ్ళు చిట్లించి, ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు పెద్దకోడలిని చూసింది.

"కొట్టావిడగారూ, మీరు కాస్త కూర్చోండి," అంది. తర్వాత ఒళ్ళోని శాలువాని పెద్దకోడలి వైపు చాచింది.

"పెద్దమ్మాయ్, వీధి తలుపు వేసి వచ్చి నా పక్కన కూర్చో. ఈ శాలువాలో ఇంకెన్ని ఆకులు నీవి?"